కనికట్టు వెనుక కనబడని చేతులు

నేర చిత్రాలలో హత్యను చూపడం కంటే మోసాన్ని చూపడం చాలా కష్టమైన పని. తుపాకి పేలితే ఏం జరిగిందో ప్రేక్షకుడికి ఆ క్షణంలోనే తెలుస్తుంది. మోసం అలా కాదు. అది నమ్మకం మీద నడిచే వ్యవహారం కనుక, ఎదుటివాడు ఎందుకు నమ్మాడో, నమ్మించినవాడు అంతకుముందు ఏమేమి సిద్ధం చేసుకున్నాడో తెర మీద కనబడకపోతే కథ రక్తి కట్టదు, అన్నీ ముందే కనబడితే గుట్టు బయటపడి కథకే ఎసరు వస్తుంది. ఈ రెండు ప్రమాదాల మధ్య నుంచి దారి తీసి, ఆ తరువాత వచ్చిన మోసగాళ్ళ చిత్రాలన్నింటికీ ఒరవడిగా నిలిచిన సినిమా 'ది స్టింగ్'. జార్జ్ రాయ్ హిల్ దర్శకత్వంలో, పాల్ న్యూమన్, రాబర్ట్ రెడ్‌ఫర్డ్, రాబర్ట్ షా ప్రధాన పాత్రధారులుగా యూనివర్సల్ సంస్థ ద్వారా 1973 డిసెంబరు 25న అమెరికాలో విడుదలైన ఈ చిత్రం పది ఆస్కార్ ప్రతిపాదనలు పొంది, ఉత్తమ చిత్రంతో కలిపి ఏడు అవార్డులు గెలుచుకుంది.

ఆ చిత్రం తయారైన తీరును పరిశీలిస్తే ఒక విశేషం స్పష్టమవుతుంది. పెద్ద ఎత్తున మోసం చేయడానికీ, సినిమా తీయడానికీ కావలసిన సరంజామా దాదాపు ఒక్కటే: రెండింటికీ ముందుగా రాసుకున్న కథ కావాలి, కట్టిన సెట్టు కావాలి, వేషాలు వేసుకున్న మనుషులు కావాలి, ఎవరు ఎప్పుడు తలుపు తోసుకుని లోపలికి రావాలో క్షణాలతో సహా లెక్క కావాలి, అన్నింటికీ మించి ఈ ఏర్పాటు వెనుక పనిచేసిన చేతులు బయటికి కనబడకూడదు. 'ది స్టింగ్' వెనుక కూడా అలా కనబడని చేతులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి భాషాశాస్త్ర ఆచార్యుడిది, ఒకటి పేకాట నిపుణుడిది, మరొకటి చిత్రం విడుదలకు 56 ఏళ్ళ ముందే కన్నుమూసిన నల్లజాతి స్వరకర్తది. తారల వెలుగులో మరుగున పడిన ఆ ముగ్గురికీ దక్కవలసిన గౌరవం దక్కిందా అన్న ప్రశ్నను పక్కన పెట్టి ఈ చిత్రం గురించి మాట్లాడడం న్యాయం కాదు.

ఆచార్యుడి దగ్గర మోసగాళ్ళ మాటలు

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడైన డేవిడ్ మౌరర్ పరిశోధించింది నేర ప్రపంచపు రహస్య పరిభాషను, అంటే ఒక వృత్తిలోని వారు బయటివారికి అర్థం కాకుండా తమలో తాము వాడుకునే మాటలను. జేబుదొంగలు, మోసగాళ్ళు, మాదకద్రవ్యాలకు బానిసలైనవారు మాట్లాడే తీరును వారి నోటి నుంచే విని నమోదు చేసిన ఆయన, మాటలను సేకరిస్తూ పోయేకొద్దీ ఆ మాటల వెనుక ఉన్న పనుల వర్ణన కూడా అవసరమని గ్రహించి, 1940లో 'ది బిగ్ కాన్' అనే పుస్తకం ప్రచురించారు. నిఘంటువుగా మొదలై ఒక నేరవృత్తికి సామాజిక చరిత్రగా ఎదిగిన గ్రంథమది.

'బిగ్ కాన్' అంటే పెద్ద మోసం. వీధి మూలన నిమిషాలలో ముగిసే చిన్నపాటి టోకరాలకూ దీనికీ తేడా ఏమిటంటే, పెద్ద మోసంలో బాధితుడి జేబులో ఉన్న డబ్బుతో మోసగాళ్ళు తృప్తి పడరు. అతడిని ఇంటికి పంపి, బ్యాంకులో ఉన్నదంతా తెప్పిస్తారు. బాధితుడిని వారి పరిభాషలో 'మార్క్' అంటారు. రైళ్ళలో, హోటళ్ళలో అతడిని పట్టి, స్నేహం కలిపి తీసుకువచ్చేవాడు 'రోపర్', లోపల కూర్చుని పెద్దమనిషి వేషంలో నమ్మకం కలిగించేవాడు 'ఇన్‌సైడ్‌మ్యాన్'. ఈ తతంగం నడిచే చోటును 'బిగ్ స్టోర్' అంటారు. గుర్రప్పందేల కేంద్రంలాగానో, షేర్ల వ్యాపార కార్యాలయంలాగానో కనబడే ఆ చోట గుమాస్తాలు, పందెం కాసేవారు, ఫోన్లలో అరిచేవారు అందరూ కూలికి వచ్చిన నటులే. నటుడు కానివాడు మార్క్ ఒక్కడే. మౌరర్ కథనం ప్రకారం ఈ పద్ధతికి మూలపురుషుడు బెన్ మార్క్స్ అనే జూదగాడు. వయోమింగ్‌లోని షయాన్ పట్టణంలో అతడు తెరిచిన దుకాణంలో, అద్దాల వెనుక ఏ వస్తువైనా ఒక్క డాలరే అన్నట్టు సరుకు పేర్చి ఉండేది. లోపలికి అడుగుపెట్టినవారికి ఎదురయ్యేది మాత్రం పేకముక్కల మోసం.

'ది స్టింగ్' కథకు కేంద్రమైన 'వైర్' అనే మోసం టెలిగ్రాఫ్ కాలానిది. గుర్రప్పందేల ఫలితాలు దూర ప్రాంతాల బెట్టింగ్ కేంద్రాలకు తంతి ద్వారా చేరే రోజులలో, తంతి కార్యాలయంలో తమ మనిషి ఒకడున్నాడనీ, ఫలితాన్ని కొద్ది నిమిషాలు ఆపి ముందుగా తమకే చెబుతాడనీ, ఆ లోపల గెలిచిన గుర్రం మీద పందెం కాస్తే నష్టమన్న మాటే లేదనీ మోసగాళ్ళు మార్క్‌ను నమ్మించేవారు. మొదట చిన్న పందెం గెలిపించి రుచి చూపించేవారు. పెద్ద మొత్తం తెచ్చేటప్పటికి ఏదో చిన్న పొరపాటు జరిగినట్టు నటించి, ఆ మొత్తం నష్టపోయేలా చేసేవారు. మౌరర్ విశ్లేషణలో అతి విలువైన భాగం ఇక్కడే ఉంది: ఈ మోసంలో పడాలంటే మార్క్‌కు సైతం ఇంకొకరిని మోసం చేయాలన్న ఆశ ఉండాలి. బెట్టింగ్ కేంద్రాన్ని తాను దోచుకుంటున్నానని అతడు అనుకుంటాడు కనుకనే నష్టపోయాక పోలీసుల దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం చేయడు. మోసగాళ్ళ చిత్రం చూసే ప్రేక్షకుడు నేరస్థుల పక్షాన నిలబడగలగడానికి మూలం కూడా ఈ సూత్రమే.

కథకుడు, దర్శకుడు, కుంటివాడైన ప్రతినాయకుడు

రచయిత డేవిడ్ వార్డ్ అప్పటికి మూడు పదుల వయసు కూడా నిండని యువకుడు. 'స్టీల్‌యార్డ్ బ్లూస్' అనే చిత్రానికి రచన చేస్తూ, అందులోని జేబుదొంగతనం సన్నివేశం కోసం పుస్తకాలు తిరగేస్తున్న సమయంలో ఆయన దృష్టి మోసగాళ్ళ ప్రపంచం మీదికి మళ్ళింది. ఆ చిత్ర నిర్మాతలైన టోనీ బిల్, మైకేల్ ఫిలిప్స్, జూలియా ఫిలిప్స్ ముగ్గురూ ఈ కొత్త కథను కూడా చేపట్టారు. 1936 సెప్టెంబరులో, ఆర్థిక మాంద్యం ఇంకా వదలని ఇల్లినాయ్ రాష్ట్రంలో కథ మొదలవుతుంది. జోలియెట్ పట్టణంలో జానీ హుకర్ అనే కుర్ర మోసగాడు, లూథర్ కోల్మన్ అనే వృద్ధ గురువు కలిసి వీధిలో ఒక మనిషిని బురిడీ కొట్టించి 11,000 డాలర్లు కాజేస్తారు; ఆ డబ్బు డోయల్ లానెగన్ అనే క్రూరుడైన ముఠా నాయకుడిదని తరువాత తెలుస్తుంది. లూథర్ హత్యకు గురవుతాడు. ప్రతీకారం కోసం హుకర్ షికాగో చేరి, రంగులరాట్నం పక్కన తలదాచుకున్న హెన్రీ గాండార్ఫ్ అనే పాత కాలపు ఘనుడిని ఆశ్రయిస్తాడు. తుపాకితో చంపడం చేతకాని మనుషులు తమకు తెలిసిన ఒకే ఒక విద్యతో శత్రువును దెబ్బతీయడమే మిగతా కథ.

ఈ చిత్రానికి తానే దర్శకత్వం వహించాలని వార్డ్ ఆశపడ్డారు. అయితే ఇంత చిక్కు కథనాన్ని అనుభవం ఉన్న దర్శకుడు మాత్రమే నడపగలడని రెడ్‌ఫర్డ్ భావించారు. స్క్రిప్టు జార్జ్ రాయ్ హిల్ చేతికి వచ్చింది. 1969లో 'బుచ్ క్యాసిడీ అండ్ ది సన్‌డాన్స్ కిడ్' ద్వారా న్యూమన్, రెడ్‌ఫర్డ్‌లను మొదటిసారి కలిపింది ఆయనే. యేల్ విశ్వవిద్యాలయంలో సంగీతం చదివి, యుద్ధకాలంలో మెరీన్ దళంలో విమానాలు నడిపిన హిల్‌కు లయ మీద, కచ్చితమైన సమయపాలన మీద ఉన్న పట్టు ఈ చిత్రంలో ప్రతి మలుపులోనూ కనిపిస్తుంది. వార్డ్ రచనలో గాండార్ఫ్ వయసు మళ్ళిన, ఒళ్ళు పెరిగిన, దుమ్ముకొట్టుకుపోయిన మనిషి. ఆ పాత్రకు న్యూమన్ వచ్చి చేరడంతో దాని స్వరూపమే మారింది. పాత్ర నిడివి రెడ్‌ఫర్డ్ పాత్ర కంటే తక్కువైనా ఆయన వెనుకాడలేదు. హుకర్ పాత్రను అంతకుముందు జాక్ నికల్సన్ కాదన్నారు. వద్దన్న వారి జాబితా ప్రతి విజయవంతమైన చిత్రానికీ ఉండేదే కనుక దాని గురించి ఇంతకంటే చెప్పనవసరం లేదు.

చెప్పవలసింది రాబర్ట్ షా గురించి. ఇంగ్లండుకు చెందిన ఈ నటుడు నవలలు, నాటకాలు రాసిన సాహిత్యకారుడు కూడా. తారలిద్దరికీ లోకమంతా చప్పట్లు కొట్టే చిత్రంలో వారి చేతిలో ఓడిపోయే ప్రతినాయకుడిగా నటించడానికి ముందుకు వచ్చిన షా, చిత్రీకరణ మొదలు కావడానికి కొద్ది రోజుల ముందు బెవర్లీ హిల్స్ హోటల్‌లోని హ్యాండ్‌బాల్ కోర్టులో తడి నేల మీద జారిపడి కాలు దెబ్బతీసుకున్నారు. మరొక దర్శకుడైతే నటుడిని మార్చేవాడో, చిత్రీకరణ వాయిదా వేసేవాడో. హిల్ ఆ కుంటినడకను లానెగన్‌కు ఇచ్చేశారు. 1930ల నాటి వెడల్పాటి ప్యాంట్ల కింద కాలికి కట్టిన ఊతపట్టీ కనబడకుండా ఇమిడిపోయింది. ఆ కుంటినడకకు చిత్రంలో ఎక్కడా కారణం చెప్పరు. అలా చెప్పకపోవడం వల్లనే అది పాత్రకు బలమైంది: ఎన్నడో ఎవరో కొట్టిన దెబ్బను మరచిపోని మనిషి, పైకి మర్యాదగా ఉంటూ లోపల కక్షను పెంచి పోషించే మనిషి ఆ నడకలోనే ప్రేక్షకుడికి పరిచయమవుతాడు. ఎదుటివాడు నిజంగా ప్రమాదకరమైనవాడని నమ్మకం కుదిరితే తప్ప మోసగాళ్ళ చిత్రంలో ఉత్కంఠ పుట్టదు. ఆ నమ్మకాన్ని ఈ చిత్రానికి ఇచ్చింది షా ఒక్కరే అంటే అతిశయోక్తి కాదు. ఆయనకు ఆస్కార్ ప్రతిపాదన కూడా రాకపోవడం విచారకరం.

కాలిఫోర్నియాలో కట్టిన షికాగో

షికాగోలో జరిగే ఈ కథ చాలా వరకు షికాగోలో తీసింది కాదు. రైల్వే స్టేషన్ల వంటి కొద్ది దృశ్యాల కోసం మాత్రం బృందం ఆ నగరానికి వెళ్ళింది. వీధులలో ఎక్కువ భాగం కాలిఫోర్నియాలోని యూనివర్సల్ స్టూడియో ఆవరణలో, చిత్రాల కోసం శాశ్వతంగా కట్టి ఉంచిన ముఖద్వారాల వీధులే. గాండార్ఫ్ తలదాచుకున్న రంగులరాట్నం శాంటా మోనికా సముద్రతీరంలో 1916లో కట్టిన భవనంలోనిది. ఆ రాట్నం ఉన్న సముద్రపు వంతెన 1970ల తొలి సంవత్సరాలలో కూల్చివేత ప్రమాదాన్ని ఎదుర్కొని, పౌరుల ఉద్యమం వల్ల నిలబడింది.

కళా దర్శకుడు హెన్రీ బమ్‌స్టెడ్, ఛాయాగ్రాహకుడు రాబర్ట్ సర్టీస్‌లతో కలిసి హిల్ తీసుకున్న నిర్ణయం గమనించదగినది. 1936ను నిజంగా ఉన్నట్టు చూపడం కంటే, 1930ల నాటి చిత్రాలు, పత్రికలు 1936ను ఎలా చూపాయో అలా చూపాలని వారు నిశ్చయించుకున్నారు. అందుకే చిత్రం ఆరంభంలో యూనివర్సల్ సంస్థ పాతకాలపు చిహ్నం కనిపిస్తుంది. గోధుమ, ఎరుపు కలిసిన మందమైన వర్ణాలు తెరంతా పరచుకుంటాయి. ఒక దృశ్యం పక్కకు జరిగిపోతూ మరొక దృశ్యాన్ని తెచ్చే 'వైప్', గుండ్రటి కంటిపాపలా తెర మూసుకుపోయే 'ఐరిస్' వంటి, అప్పటికే వాడుక తప్పిన పద్ధతులు తిరిగి ప్రత్యక్షమవుతాయి. పాత ముఠా చిత్రాలను పరిశీలించిన హిల్, వాటి వీధి దృశ్యాలలో జనం చాలా పలుచగా ఉంటారని గమనించి, తన చిత్రంలోనూ జూనియర్ ఆర్టిస్టులను తక్కువగానే వాడారు. కథను భాగాలుగా విడదీసే శీర్షికా ఫలకాల కోసం యారోస్లావ్ గెబ్ర్ అనే చిత్రకారుడు 'సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' పత్రిక ముఖచిత్రాల శైలిలో బొమ్మలు గీశారు. ఎడిత్ హెడ్ రూపొందించిన దుస్తులు ఆమెకు ఎనిమిదో ఆస్కార్‌ను, ఆఖరి ఆస్కార్‌ను తెచ్చాయి.

ఇదంతా అలంకారం కోసం చేసింది కాదు. చూస్తున్నది ఒక పాత పత్రికలోని కథ అన్న భావన కలిగిన ప్రేక్షకుడు, తనను ఎవరో పుటలు తిప్పుతూ చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారన్న నిశ్చింతలోకి జారుకుంటాడు, అనుమానించడం మానేస్తాడు. బిగ్ స్టోర్‌లోని కర్టెన్లు, కౌంటర్లు, నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన గుర్రాల పేర్లు లానెగన్ మీద ఏ పని చేస్తాయో, ఆ శీర్షికా ఫలకాలు ప్రేక్షకుడి మీద అదే పని చేస్తాయి.

న్యూమన్‌వి కాని చేతులు

లానెగన్‌ను ఉచ్చులోకి లాగే మొదటి అడుగు రైలులో జరిగే పేకాట. తప్పతాగినట్టు నటిస్తూ గాండార్ఫ్ ఆ ఆటలో కూర్చుంటాడు. లానెగన్ ముందుగా సర్దిపెట్టిన పేకతో తనకు నాలుగు తొమ్మిదులు వచ్చేలా చూసుకుంటే, గాండార్ఫ్ అందరి కళ్ళెదుట నాలుగు జాకీలు పరుస్తాడు. మోసం చేసినవాడు, అవతలివాడు కూడా మోసం చేశాడని అరవలేని స్థితి అది. ఆటకు ముందు గాండార్ఫ్ పేకను కలుపుతూ చేతివాటం సాధన చేసే దృశ్యంలో దగ్గరగా కనిపించే వేళ్ళు న్యూమన్‌వి కావు, జాన్ స్కార్నీవి. జూదంలో జరిగే మోసాలను బట్టబయలు చేయడం వృత్తిగా చేసుకున్న స్కార్నీ, రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికన్ సైనికులు జూదంలో జీతాలు పోగొట్టుకోకుండా ఉండడానికి, పేకలోనూ పాచికలలోనూ జరిగే దొంగాటలను వారికి ప్రదర్శించి చూపిన నిపుణుడు. మోసం నుంచి జనాన్ని కాపాడడానికి నేర్చిన విద్యను ఒక మోసగాడి పాత్రకు అరువిచ్చిన ఆ వేళ్ళ పనితనం ఎంత నిర్దుష్టమంటే, వాటిని చూసిన ప్రేక్షకుడు గాండార్ఫ్ ఏదైనా చేయగలడని నమ్మేస్తాడు. అక్కడి నుంచి కథ ఆ నమ్మకం మీదనే నడుస్తుంది.

కాలం తప్పిన సంగీతం

ఈ చిత్రానికి సంబంధించిన అతి సాహసోపేతమైన నిర్ణయం సంగీతానిది. 'ర్యాగ్‌టైమ్' అన్నది 1890లలో అమెరికా నల్లజాతి సంగీతకారుల చేతులలో రూపుదిద్దుకున్న పియానో శైలి: ఎడమచెయ్యి కవాతులాంటి స్థిరమైన తాళం వేస్తుండగా, కుడిచెయ్యి ఆ తాళం దెబ్బల మధ్య ఖాళీలలో స్వరాన్ని ఒత్తి పలికిస్తుంది, ఆ ఎదురెక్కుడు వల్ల వినేవారికి నడక తప్పుతున్నట్టు, తప్పుతూనే నిలబడుతున్నట్టు తోస్తుంది. 1936 నాటికి ఆ శైలి పాతబడి చాలా కాలమైంది. అప్పటికి దేశమంతా స్వింగ్ సంగీతం ఊపులో ఉంది. చరిత్ర ప్రకారం చూస్తే ర్యాగ్‌టైమ్ ఈ కథలో ఇమడదు. అయినా తన కుటుంబంలోని కుర్రవాళ్ళు స్కాట్ జాప్లిన్ రచనలను పియానో మీద వాయిస్తుండగా విన్న హిల్, స్వయంగా పియానో తెలిసినవారు కనుక, అందులోని ఉల్లాసం వెనుక ఉన్న విషాదపు జీరను పట్టుకుని, ఈ చిత్రానికి కావలసింది అదేనని నిశ్చయించుకున్నారు. ఆ రచనలను చిత్రానికి అనుగుణంగా మలచే బాధ్యత మార్విన్ హామ్లిష్‌ది. సంభాషణల కింద సంగీతాన్ని నింపకుండా, ఎక్కువగా దృశ్యానికీ దృశ్యానికీ నడుమ, మాటలు లేని చోట్ల దానిని నిలపడం వల్ల జాప్లిన్ సంగీతం నేపథ్యంగా మిగలక కథ చెప్పే గొంతుగా మారింది.

జాప్లిన్ జీవితం తెలిసినవారికి ఈ విజయం ఆనందంతో పాటు బాధనూ కలిగిస్తుంది. బానిసత్వం నుంచి బయటపడిన తండ్రికి పుట్టి, టెక్సస్ ప్రాంతంలో పెరిగి, 1899లో 'మేపుల్ లీఫ్ ర్యాగ్'తో పేరు సంపాదించిన ఆయన, మద్యశాలల సంగీతకారుడిగా మిగిలిపోవడానికి ఇష్టపడక, నల్లజాతివారి జీవితం మీద 'ట్రీమనీషా' అనే సంగీత నాటకాన్ని రచించి 1911లో సొంత ఖర్చుతో ప్రచురించారు. రంగాలంకరణ లేకుండా, పియానో సహకారంతో ఒక్కసారి ప్రదర్శించడానికి మాత్రం నోచుకున్న ఆ నాటకం ఆదరణ పొందలేదు. 1917లో న్యూయార్క్‌లోని ఒక మానసిక వైద్యశాలలో ఆయన మరణించారు. జాప్లిన్‌ను లోకానికి తిరిగి పరిచయం చేసింది ఈ చిత్రమేనన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉంది కానీ, అది పూర్తి నిజం కాదు. 1970లో జాషువా రిఫ్కిన్ వాయించిన జాప్లిన్ రచనల రికార్డు, 1972లో అట్లాంటాలో 'ట్రీమనీషా'కు దక్కిన రంగస్థల ప్రదర్శన, గుంథర్ షూలర్ బృందం పాత వాద్యబృంద లిపి నుంచి చేసిన రికార్డింగు ఆ పునరుజ్జీవనానికి బాట వేశాయి. సంగీత పండితుల శ్రమ పరచిన ఆ బాటలో చిత్రం కోట్ల మందిని నడిపించింది. 1902లో ప్రచురితమైన 'ది ఎంటర్‌టైనర్' 1974లో అమెరికా పాటల జాబితాలో మూడో స్థానానికి చేరింది. జాప్లిన్ సమాధి మీద పేరు చెక్కిన ఫలకం వెలసింది కూడా 1974లోనే. అంతకుముందు అక్కడ గుర్తు ఏదీ లేదు. 1976లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం ఆయన పేరిట ప్రకటించారు. చిత్రానికి దక్కిన సంగీతపు ఆస్కార్ హామ్లిష్ అందుకున్నారు. అవార్డుల రాత్రి ఆయన అందుకున్న మూడు ఆస్కార్‌లలో అదొకటి.

మార్క్ ఎవరు?

చిత్రం ముగింపు తెలియనివారు ఇప్పటికీ ఉండవచ్చు కానీ, ఆ ముగింపును తాకకుండా దాని నిర్మాణాన్ని వివరించడం సాధ్యం కాదు. లానెగన్‌ను పడగొట్టే పథకం సాగుతుండగా పోల్క్ అనే ఎఫ్‌బీఐ అధికారి హుకర్‌ను పట్టుకుని, గాండార్ఫ్‌ను అప్పగించమని బెదిరిస్తాడు. హుకర్ లొంగిపోతాడు. పథకం చివరి రోజున లానెగన్ అయిదు లక్షల డాలర్లు పందెం కాయడం, ఎఫ్‌బీఐ దాడి చేయడం, హుకర్ ద్రోహాన్ని గ్రహించిన గాండార్ఫ్ అతడిని కాల్చడం, పోల్క్ గాండార్ఫ్‌ను కాల్చడం వరుసగా జరిగిపోతాయి. హత్య కేసులో ఇరుక్కుంటాడన్న భయంతో లానెగన్‌ను బయటికి లాక్కుపోతారు. తరువాత శవాలు లేచి కూర్చుంటాయి. పోల్క్ కూడా మోసగాళ్ళ మనిషే.

లంచగొండి పోలీసు స్నైడర్ ఎదుట పోల్క్ బృందం ఆడిన నాటకాన్ని స్నైడర్‌తో పాటు ప్రేక్షకుడు కూడా నమ్మాడు. సినిమా హాలులో కూర్చున్నవారు అప్పటివరకు తాము తెర వెనుక ఉన్నామనీ, గుట్టు తెలిసినవారిలో తామూ ఒకరమనీ అనుకున్నారు. అలా అనుకోవడమే మార్క్ లక్షణమని మౌరర్ పుస్తకం చదివినవారికి తెలుసు. రెండోసారి చూసినప్పుడు చిత్రం అబద్ధం ఆడలేదని తేలడం వార్డ్, హిల్‌ల నిజాయితీకి గుర్తు. హుకర్ మొహంలో కనిపించిన దిగులు ద్రోహం చేస్తున్న వాడి దిగులు కాదు, ప్రాణం మీదికి తెచ్చుకున్న వాడి దిగులు. ఎడిటర్ విలియం రెనాల్డ్స్ ఆ ముఖాలను ఎంతసేపు నిలపాలో, ఎక్కడ తుంచాలో కొలిచి కూర్చిన తీరు వల్ల రెండు అర్థాలూ ఒకే దృశ్యంలో నిలబడ్డాయి. చంపడానికి వెంటాడుతున్నాడని అనుకున్న చేతితొడుగుల మనిషి రక్షకుడిగా తేలడం, ప్రేమ చూపిన హోటల్ అమ్మాయి హంతకిగా తేలడం కూడా ఈ పద్ధతిలో సాగినవే.

అవార్డుల రాత్రి 1974 ఏప్రిల్ 2. ఉత్తమ చిత్రానికి నిర్మాతగా ఆస్కార్ అందుకున్న మొదటి మహిళగా జూలియా ఫిలిప్స్ ఆనాడు చరిత్రకెక్కారు. రెడ్‌ఫర్డ్‌కు నటుడిగా జీవితంలో లభించిన ఏకైక ఆస్కార్ ప్రతిపాదన ఈ చిత్రానిదే.

న్యాయస్థానం దాకా వెళ్ళిన పుస్తకం

1974లో మౌరర్, తన పుస్తకాన్ని ఈ చిత్రానికి అనుమతి లేకుండా వాడుకున్నారని ఆరోపిస్తూ కోటి డాలర్ల పరిహారం కోరి దావా వేశారు. ఆయన వాదనకు పైకి కనిపించే ఆధారాలు చాలానే ఉన్నాయి. చార్లీ, ఫ్రెడ్ గాండార్ఫ్ అనే సోదరులు న్యూయార్క్‌లో 'వైర్' మోసం నడిపిన నిజమైన మనుషులు. వారి ప్రస్తావన పుస్తకంలో ఉంది. చిత్రంలోని భాగాలకు పెట్టిన 'ది టేల్', 'ది వైర్', 'ది షట్‌-అవుట్' వంటి పేర్లు మౌరర్ వివరించిన వృత్తి పదాలు. మార్క్ పెద్ద పందెం కాయబోయే సమయానికి కిటికీ దగ్గర వరుస కదలకుండా చేసి, ఆలస్యమైందని వెనక్కి పంపి అతడి ఆత్రాన్ని పెంచే ఎత్తుగడే 'షట్‌-అవుట్'. ఇక చివరి కాల్పుల ఘట్టంలో నోటి నుంచి రక్తం కారే ఉపాయం 'కాకిల్ బ్లాడర్' అన్నది: కోడిరక్తం నింపిన చిన్న సంచిని నోట్లో దాచుకుని, ఉత్తుత్తి తూటా పేలగానే దానిని కొరికి, మార్క్ చూస్తుండగా చచ్చిపడినట్టు నటించడం ఆనాటి మోసగాళ్ళ ఆనవాయితీ అని మౌరర్ నమోదు చేశారు.

వార్డ్ వాదన కూడా కొట్టిపారేయదగినది కాదు. తాను అనేక గ్రంథాలు చదివాననీ, మోసగాళ్ళ పద్ధతులు చారిత్రక సత్యాలనీ, సత్యాలు ఏ ఒక్కరి సొత్తూ కావనీ ఆయన వైఖరి. అమెరికా కాపీహక్కు చట్టం రచన రూపాన్ని కాపాడుతుందే తప్ప అందులోని వాస్తవాలను కాదు. ఒక వృత్తివారి మాటలను మొదటగా సేకరించినంత మాత్రాన ఆ మాటలు సేకరించినవారివి అయిపోవు. అయితే ఆ మాటలు నేరస్థుల నోట తప్ప మరెక్కడా లేని రోజులలో, సంవత్సరాల తరబడి వారి నమ్మకాన్ని సంపాదించి, పరీక్షించి, విడమరచి రాసిన పండితుడికి చిత్రం టైటిళ్ళలో ఒక్క వరుస కృతజ్ఞత కూడా దక్కకపోవడం చట్టం తీర్చగలిగిన లోపం కాదు. 1976లో వ్యాజ్యం న్యాయస్థానం వెలుపల రాజీతో ముగిసింది. విచారణకు నిలబడకుండా స్టూడియో రాజీపడిందని వార్డ్ బాధపడ్డారు. తాను దొంగిలించలేదని నిరూపించుకునే అవకాశం పోయిందన్నది ఆయన ఆవేదన. మౌరర్‌కు డబ్బు వచ్చింది కానీ, తీర్పు రాలేదు. ఇద్దరికీ ఆ రాజీలో సగమే న్యాయం జరిగింది.

మౌరర్ 1981లో మరణించారు. 'ది బిగ్ కాన్' 1999లో మళ్ళీ ముద్రితమైంది. పుస్తకాన్నీ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి పరిశీలించేవారికి ఎవరి వాటా ఎంతో విడదీయడం కష్టమేమీ కాదు. వేషం వేసుకున్న పోలీసులతో నకిలీ దాడి జరిపి మార్క్‌ను తరిమేయడం కూడా పాత మోసగాళ్ళ పద్ధతే. అది మౌరర్ నమోదు చేసిన ప్రపంచంలోనిదే. ఆ దాడి నకిలీదన్న సంగతిని లానెగన్ దగ్గర దాచినట్టే టిక్కెట్టు కొని వచ్చినవారి దగ్గర కూడా దాచిపెట్టాలన్న ఆలోచన మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అది వార్డ్ సొంతం.